శిశువులయొద్ద పాఠము నేర్చిన వైద్యురాలు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఎవరిదేని జీవితచరిత్రము వ్రాసి యిమ్మని కార్యకర్తలు కోరినపుడు నాకు స్ఫురించిన పేరు మేరియా మాంటిసోరి. బ్రతుకంతయు గ్రామపు లెక్కలు వ్రాసి, తీరికవేళల భారత భాగవతములు చదువుకొన్న నాబోటివానికి ఇటలీదేశపు వైద్యురాలితో ఏమి పని యని మీరనవచ్చును. పని మా యింటనే పుట్టినది. మూడేండ్లు నిండిన మా మనుమని ఏ బడికి పంపవలెనన్న తగవు రేగినది. నూరు వరకు అంకెలు దిద్దించు బడియే బడి యని నా పక్షము. ఆటవస్తువుల నడుమ పిల్లలను విడిచిపెట్టు బడి కావలెనని కోడలి పక్షము. ఆడుకొనుటకు రుసుము చెల్లించుట యెక్కడనైనను కలదా యని నేను పరిహసించితిని. నా మాటయే నెగ్గినది. నెల తిరుగకముందే పిల్లవాడు పలక కనబడిన చాలు, మంచము క్రింద దూరజొచ్చెను. అప్పుడు గాని నేను ఈమె చరిత్రమును వెదకి చదువలేదు.

మేరియా 1870 ఆగస్టు 31వ తేదీన ఇటలీలోని కియారవల్లె యను ఊర జన్మించినది. తండ్రి ఆర్థికశాఖలో ఉద్యోగి. అనగా ఇంచుమించు మా తెగవాడే. కూతురు ఉపాధ్యాయురాలైన చాలునని ఆయన కోరిక. ఆమె వైద్యవిద్యకు పూనుకొన్నది. పురుషులతో కలిసి శవచ్ఛేదము చేయుట తగదని, అందరును వెడలిన పిదప సాయంసమయమున ఒంటరిగా ఆ పని చేయవలసివచ్చినది. 1896లో రోము నగరమున పట్టము పొంది, ఆ దేశమున వైద్యులైన తొలి స్త్రీలలో ఒకతె యయ్యెను.

పిచ్చాసుపత్రిలో బుద్ధిమాంద్యముగల పిల్లలను పెద్దలతో కలిపి మూసియుంచుట ఆమె చూచినది. చేత పట్టుకొనుటకు ఒక్క వస్తువైనను లేని గదిలో ఆ పిల్లలు నేలపై పడిన రొట్టెముక్కలనే పట్టుకొని తడుముచుండిరి. అది ఆకలి కాదు, చేతులకు పనిలేని లోటని ఆమె గ్రహించెను. ఇటార్, సెగ్విన్ అను ఫ్రెంచి వైద్యుల గ్రంథములు చదివి, వారి పద్ధతిని వస్తువులు చేయించి, ఆ పిల్లలకు నేర్పెను. వారిలో కొందరు మామూలు పిల్లల పరీక్షలయందు ఉత్తీర్ణులైరి. లోకమంతయు మెచ్చుకొనుచుండగా ఆమెకు వేరొక సందేహము కలిగినది: ఆరోగ్యవంతులైన పిల్లలు ఈ పిల్లలతో సమానముగా మాత్రమే ఉండుటకు మన బడులు వారిని ఏమి చేయుచున్నవి?

1907 జనవరి 6వ తేదీన రోములో సాన్ లొరెంజో అను పేదల పేటలో పిల్లల ఇల్లు వెలసినది. కూలికి పోయిన తల్లిదండ్రుల బిడ్డలు కొత్త గోడలను పాడుచేయుచున్నారని, వారినొక గదిలో చేర్చి కనిపెట్టి యుండుమని భవనముల యజమానులు కోరగా ఈమె యొప్పుకొన్నది. యాబదిమంది వరకు పిల్లలు. ఖరీదైన బొమ్మలను, కొయ్య పరికరములను కూడ అచట నుంచిరి. పిల్లలు బొమ్మల జోలికి పోలేదు. ఒక బాలిక కొయ్యదిమ్మలోని గుంటలలో వాటికి సరిపడు బిరడాలను అమర్చుచు, తీసి మరల అమర్చుచు నలుబదిమార్లకు పైగా చేసినది. తక్కినవారిచేత పాటలు పాడించిరి. కుర్చీతోకూడ ఆ పిల్లనెత్తి బల్లపై నుంచిరి. చేయుచున్న పని మానలేదు. పని ముగిసిన పిదప నిద్రలేచినట్లు తలయెత్తి నవ్వినది. మరియొకనాడు ఉపాధ్యాయిని బీరువాకు తాళము వేయుట మరచి ఆలసించి వచ్చునప్పటికి, పిల్లలే ఎవరికి కావలసినది వారు తీసికొని పనిలో మునిగియుండిరి. శిక్షింపవలెనని ఉపాధ్యాయిని తలచెను. మేరియా మాత్రము బీరువా తీసివేయించి పిల్లల చేతికందు పొట్టి అరలు పెట్టించినది. తరువాత వారి కొలతకు చిన్న కుర్చీలు, బల్లలు వచ్చినవి.

గరుకు కాగితముతో అక్షరములు కత్తిరించి, వాని వెంబడి వ్రేలు నడపి, ధ్వనిని పలుకుట నేర్పెను. కొన్నాళ్ళకు నాలుగేండ్ల పిల్లలు ఎవరును చెప్పకయే సుద్దముక్కతో మాటలు వ్రాయసాగిరి. ఇది చదివినపుడు నాకు మన వీధిబడి జ్ఞప్తికి వచ్చినది. అందును పిల్లవాడు ఇసుకలో వ్రేలితోనే ఓనమాలు దిద్దెడివాడు. అక్షరాభ్యాసమునాడు బియ్యములో నేటికిని దిద్దింతుము. వ్రేలి సంగతి మన పెద్దలకు తెలియును. అయితే దాని ప్రక్కనే కోదండమును వ్రేలాడదీసిరి!

ఆటబడి మాటకు వత్తము. 1840లో జర్మనీలో ఫ్రోబెల్ తన శిశుశాలకు కిండర్‌గార్టెన్, అనగా పిల్లల తోట, యని పేరిడి బంతులతో, దిమ్మలతో, పాటలతో చదువు చెప్పించెను. మాంటిసోరికి ఆట యను మాట అంతగా నచ్చదు. శిశువు చేయునది పని యని ఆమె మతము. నా మట్టుకు నాకిది పేరులోని తగవుగానే తోచును. రుక్మిణీదేవి బాల్యమును చెప్పుచు పోతనగారు బొమ్మల పెండ్లిండ్లను, గుజ్జెనగూళ్ళను వర్ణించిరి. అది ఆటయో పనియో ఆ బాలికలను అడిగిన వారికే తెలియదు.

ఇంతటి తల్లి తన బిడ్డను పెంచుకొనలేదు. సహవైద్యుడొకని వలన 1898లో ఆమెకు మారియో యను కుమారుడు కలిగెను. వివాహము కాలేదు. లోకనిందకు వెరచి శిశువును పల్లెలో వేరొకరికి అప్పగించి, తాను తల్లినని చెప్పకయే అప్పుడప్పుడు చూచి వచ్చుచుండెడిది. పదునైదేండ్ల ప్రాయమున గాని అతడు ఆమె యింటికి రాలేదు. వచ్చిన పిదపను చాలకాలము బంధువుగనే చెప్పుకొనిరి. దీనిని దాచి ఆమెను దేవతను చేయుట నాకిష్టము లేదు. ఊరి పిల్లల యెడల అంత ఓర్పు ఎచటనుండి వచ్చినదో దీనివలన కొంత తెలియునని నా ఊహ.

ముస్సోలినీ మొదట ఆమె బడులను ఆదరించి, ఆమె తన చెప్పుచేతలలో నుండకపోగా మూయించెను. దేశము విడిచి స్పెయినులోను, హాలెండులోను ఉండి, 1939లో దివ్యజ్ఞాన సమాజమువారి పిలుపుపై మారియోతో చెన్నపురి అడయారు చేరినది. అప్పటికామెకు 69 ఏండ్లు. మన కృష్ణాజిల్లాయు నాడు చెన్నపురి రాజధానిలోనిదే. దేశపు నలుమూలలనుండి మున్నూరుమంది వరకు తాటాకు పాకలలో కూర్చుండి వినిరి. ఆమె ఇటాలియను భాషలో చెప్పగా మారియో ఇంగ్లీషులోనికి మార్చెడివాడు.

1940 జూనులో ఇటలీ యుద్ధమునకు దిగుటతో ఆంగ్ల ప్రభుత్వము వీరిని శత్రుదేశీయులుగా నెంచి, మారియోను అహమ్మదునగరపు శిబిరమున నిర్బంధించినది. ఆ ఆగస్టు 31న, ఆమె డెబ్బదవ జన్మదినమున, అతనిని విడిచిపెట్టిరి. కానుకగా కుమారుని తిరిగి యిచ్చుచున్నామని వైస్రాయి తంతి పంపెనని చెప్పుదురు. నలుబది రెండేండ్లు లోకము బంధువని పిలిచినవానిని కుమారుడని మొదట పిలిచినది శత్రుప్రభుత్వపు కాగితము! యుద్ధమున కొంతకాలము కొడైకెనాలులో గడపి, 1946లో ఐరోపాకు వెడలి, మరల వచ్చి, 1949లో తుదిసారి మన దేశము విడిచినది. 1952 మే 6న హాలెండులో కన్నుమూసినది.

మూడేండ్లకు విజయవాడలో వేగె కోటేశ్వరమ్మగారు ఆమె పేరిట బడి స్థాపించిరి. కనుక మన ప్రాంతమున ఆ పేరు కొత్తది కాదు. ఒక్క సంగతి మాత్రము తల్లిదండ్రులు ఎరుగవలెను. ఆ పేరు ఎవరి సొత్తును కాదు. ఎవరైనను బోర్డుపై వ్రాసికొనవచ్చును. కావున నేను ఈసారి బోర్డులు చదువుట మాని, లోపలి అరలు పిల్లల చేతికందునా, వస్తువులపై దుమ్మున్నదా, మూడేండ్లవారును అయిదేండ్లవారును ఒకచోట నున్నారా, పంతులమ్మ గొంతు ఎంతసేపు వినబడునని చూచితిని. నాలుగు బడులు తిరిగితిమి. కోడలు ఎంచిన దానియందే వానిని చేర్చితిమి.

అంకెలు ఇంకను రావు. నాకు ఆ దిగులు లోలోపల లేకపోలేదు. మొన్న కొంచెము ముందుగా పోయి కిటికీ యొద్ద నిలుచుంటిని. వాడు కందులను ఒక చెంబులోనుండి మరియొక చెంబులోనికి పోయుచుండెను. రెండు గింజలు క్రింద పడగా వంగి యేరి, లోపల వేసి, మరల మొదటినుండి పోయసాగెను.