నాన్సీ విన్ బోల్టన్ – ఆట విడవని మహిళ

మన వీరుల గురించి రాసే పెద్దలు ఈ సంచికలో చాలామంది ఉన్నారు. మేము ఆడపిల్లల హాస్టల్ చూసుకునేవాళ్ళం. అందుకే ఆటలాడే పిల్లలకు, వారి తల్లిదండ్రులకు పనికొచ్చే ఒక జీవితాన్ని పరిచయం చేస్తున్నాం. ఆమె ఆస్ట్రేలియా టెన్నిస్ క్రీడాకారిణి నాన్సీ విన్ బోల్టన్.

నాన్సీ 1916 జూన్ 10న పుట్టారు. ఆమెది మెల్‌బోర్న్. సిడ్నీ అమ్మాయి థెల్మా కోయిన్‌తో జతకట్టి 1936లో ఆస్ట్రేలియన్ చాంపియన్‌షిప్‌లో మహిళల డబుల్స్ గెలిచారు. నేటి ఆస్ట్రేలియన్ ఓపెన్ అప్పటి ఆ పోటీయే. అప్పుడు నాన్సీకి 19 ఏళ్ళు, థెల్మాకు 17. అక్కడి నుంచి 1940 వరకు వరుసగా ఐదేళ్ళు ఆ కప్పు వారిదే. 1938లో నాన్సీ సముద్రం దాటి వెళ్ళి అమెరికా చాంపియన్‌షిప్ ఫైనల్ కూడా ఆడారు. అక్కడ ఆలిస్ మార్బుల్ చేతిలో ఓడారు.

డబుల్స్‌లో ఒకరు వదిలిన బంతిని మరొకరు అందుకోవాలి. గెలుపైనా ఓటమైనా ఇద్దరిదీ. 1940లో ఈ స్నేహితురాళ్ళే సింగిల్స్ ఫైనల్‌లో ఎదురెదురుగా నిలబడ్డారు. నాన్సీ మొదటి సెట్ పోగొట్టుకుని, తర్వాతి రెండూ గెలిచారు. ఆ ఏడాదే ఇద్దరూ కలిసి డబుల్స్ కప్పు అందుకున్నారు. ఎదుట నిలిచినంత మాత్రాన శత్రువు కాదని మా పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు దొరకలేదు.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వల్ల 1941 నుంచి 1945 వరకు పోటీలు ఆగిపోయాయి. థెల్మా మహిళా సైనిక విభాగంలో చేరి కెప్టెన్ అయ్యారు. వైమానిక దళంలో ఉన్న నాన్సీ భర్త జార్జ్ బోల్టన్ 1942లో యుద్ధంలో చనిపోయారు.

1946లో పోటీలు మళ్ళీ మొదలయ్యాయి. 29 ఏళ్ళ నాన్సీ రాకెట్ పట్టుకుని వచ్చారు. 1946, 1947, 1948లలో వరుసగా సింగిల్స్‌తో పాటు కాలిన్ లాంగ్‌తో మిక్స్‌డ్ డబుల్స్ కూడా గెలిచారు. థెల్మాతో జత మళ్ళీ కలిసింది. 1951లో, 34 ఏళ్ళ వయసులో, సింగిల్స్ ఫైనల్‌లో మళ్ళీ థెల్మానే ఓడించారు. 1952లో ఇద్దరూ కలిసి పదో డబుల్స్ కప్పు గెలిచారు. ఆ రోజుల్లో ఈ పోటీల్లో గెలిచినవారికి ప్రైజ్ మనీ ఉండేది కాదు.

నాన్సీ 2001లో, 85 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆస్ట్రేలియన్ చాంపియన్‌షిప్‌లో ఆమె గెలిచినవి సింగిల్స్ 6, డబుల్స్ 10, మిక్స్‌డ్ 4, మొత్తం 20. అందులో 12 భర్త పోయిన తర్వాత గెలిచినవే.

మన గూడేల్లో పెళ్ళి కుదరగానే ఆడపిల్ల ఆట ఆగిపోతుంది. ఇంట్లో కష్టం వస్తే మొదట మూలన పడేది ఆమె బూట్లే. తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. ఆ బూట్లను ఎవరికీ ఇచ్చేయకండి.