చావులేని కణాల తల్లి - హెన్రియెట్టా లాక్స్

సైన్సు చదివే మిత్రులు హీలా కణాల పేరు వినే ఉంటారు. మా ఎమ్మెస్సీ పాఠంలో ఆ మాట ఒక్క వాక్యంలో వచ్చి పోయింది. అది ఒక పేద తల్లి పేరులోని మొదటి అక్షరాలని తర్వాత తెలిసింది.

హెన్రియెట్టా 1920 ఆగస్టు 1న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో నల్లజాతి కుటుంబంలో పుట్టింది. నాలుగేళ్లప్పుడు తల్లి కాన్పులో చనిపోయింది. తండ్రి పిల్లలందరినీ సాకలేక బంధువుల ఇళ్లకు పంచాడు. క్లోవర్ అనే పల్లెలో తాత దగ్గర, ఒకప్పుడు బానిసలను ఉంచిన కర్రల ఇంట్లో ఆమె పెరిగింది. పొగాకు పని ఎలాంటిదో మన ప్రకాశం, గుంటూరు జిల్లాల తమ్ముళ్లకు చెప్పనక్కరలేదు. ఆ పనితోనే ఆరో తరగతి దగ్గర చదువు ఆగింది. 1941లో డేవిడ్ లాక్స్‌తో పెళ్లయింది. ఉక్కు ఫ్యాక్టరీ పని కోసం బాల్టిమోర్ పక్కకు వలస వెళ్లారు. ఐదుగురు పిల్లలు.

లోపల గడ్డ ఉందని ఆమెకు ముందే అనుమానం. 1951 జనవరి 29న జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి వెళ్లింది. అక్కడ నల్లవారికి వార్డులు వేరు. డాక్టర్ హోవార్డ్ జోన్స్ గర్భాశయ ముఖద్వారం మీద గడ్డను చూసి, చిన్న ముక్క కోసి ల్యాబ్‌కు పంపాడు. దీన్నే బయాప్సీ అంటారు. ఆ ముక్కను మైనంలో పొదిగి, అతి పలుచని పొరలుగా కోసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు. కంటికి కనిపించే గడ్డను బట్టి క్యాన్సర్ అని తేల్చరు, కణాలను చూసే తేలుస్తారు. ఆమెకు క్యాన్సరేనని తేలింది. ఇలాంటి జబ్బును సిగ్గుతో దాచుకునే ఇళ్లు మనలో ఇంకా ఎన్నో ఉన్నాయి.

ఇంతవరకు జరిగింది ఆమె మేలు కోసమే. తర్వాత రేడియం చికిత్సకు మత్తిచ్చినప్పుడు డాక్టర్లు మరో రెండు ముక్కలు తీశారు. అవి పరిశోధన కోసం. ఆమెను అడగలేదు. మా ఇంట్లో ఆసుపత్రి కాగితాల మీద వేలిముద్ర వేసేవారే అందరూ, సంతకం పెట్టగలిగేది నేనొక్కడినే. అందుకే ఈ చోట నాకు కోపం వస్తుంది.

జార్జ్ గై ల్యాబ్‌లో అంతకుముందు మనుషుల కణాలు కొద్ది రోజులకే చచ్చిపోయేవి. ఇవి మాత్రం రోజుకు రెట్టింపయ్యాయి. హెన్రియెట్టా 1951 అక్టోబర్ 4న, 31 ఏళ్లకే కన్నుమూసింది. 2010 దాకా సమాధికి రాయి కూడా లేదు.

పోలియో టీకా పరీక్షలకు ఈ కణాలనే వాడారు. టస్కెగీలో వాటిని పెంచి పంపినవారు నల్లజాతి శాస్త్రవేత్తలే. ఈ క్యాన్సర్‌కు వైరస్ కారణమని కనుగొన్నందుకు హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. ఆయన బృందం 1984లో గుర్తించిన రకం వైరస్సే హీలా కణాల్లోనూ ఉంది.

ఆమె పిల్లలకు కణాల సంగతి తెలిసింది 1970లలో. కంపెనీలు ఆ కణాలను అమ్ముకుంటుంటే వాళ్లకు ఆరోగ్య బీమా కొనే స్తోమత లేదు. చివరికి థెర్మో ఫిషర్ కంపెనీ మీద కోర్టుకెక్కారు. 2023లో, సరిగ్గా ఆమె 103వ పుట్టినరోజున, రాజీ కుదిరిందని ప్రకటించారు. ఎంత ఇచ్చారో బయటపెట్టలేదు.