తొలి ఉపాధ్యాయిని సావిత్రీబాయి ఫూలే

ముంబయి మహానగరంలో కామాఠీపురా చాలా పాత పేట. పద్దెనిమిదో శతాబ్దం చివరి రోజుల నుండి నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెలను విడిచి, పొట్ట చేతపట్టుకొని వచ్చిన శ్రామికులు ఇక్కడ స్థిరపడ్డారు. వారిని స్థానికులు కామాఠీలు అన్నారు. వారి పేరు మీదనే ఆ పేటకు కామాఠీపురా అనే పేరు వచ్చింది. వారు రాళ్లు మోశారు. సున్నం కలిపారు. గోడలు కట్టారు. నగరం పెరగడానికి తమ చెమటను ధారపోశారు. వారిలో కొందరు క్రమంగా మేస్త్రీలు, గుత్తేదార్లు అయ్యారు. తరువాతి కాలంలో తెలంగాణ నుండి వచ్చిన నేత కార్మికులు బట్టల మిల్లులలో పనికి కుదిరి, వర్లీ మొదలైన ప్రాంతాల చాళ్లలో నివసించారు.

తమకు అబ్బని చదువు తమ బిడ్డలకైనా అబ్బాలని ఈ శ్రామికులు కోరుకున్నారు. పేదలకు, స్త్రీలకు చదువు చెప్పాలనే ఉద్యమం పుణే నగరంలో బయలుదేరింది. ఆ ఉద్యమాన్ని నడిపినవాడు మహాత్మా జ్యోతిరావు ఫూలే. ఆయనతో కలిసి నడిచి, మొదట తాను పలక పట్టి నేర్చుకొని, ఆ తరువాత బడిలో నిలిచి ఇతరులకు నేర్పిన ధీరురాలు ఆయన భార్య సావిత్రీబాయి.

సావిత్రీబాయి 1831 జనవరి 3వ తేదీన సతారా జిల్లాలోని నాయగావ్ గ్రామంలో జన్మించింది. తల్లి లక్ష్మీబాయి. తండ్రి ఖండోజీ నేవసే పాటిల్. వారిది వ్యవసాయ కుటుంబం. ఆ రోజులలో బాల్యవివాహాలు సర్వసాధారణం. 1840లో, తొమ్మిదేళ్ల వయసులో, ఆమెకు పుణే వాస్తవ్యుడైన జ్యోతిరావుతో వివాహం జరిగింది. అప్పటికి ఆమెకు అక్షరం ముక్క రాదు. ఆడపిల్ల చదువుకుంటే భర్తకు ఆయుష్షు తగ్గుతుందని, ఇంటికి అరిష్టమని జనం నమ్మే కాలమది.

జ్యోతిరావు తల్లి ఆయన పసితనంలోనే మరణించింది. సగుణాబాయి అనే బంధువు ఆయనను తల్లివలె పెంచింది. మిషనరీల ఇంట పనిచేసిన ఆమెకు చదువు విలువ తెలుసు. జ్యోతిరావు తాను బడిలో నేర్చినదంతా సగుణాబాయికి, సావిత్రీబాయికి ఇంటి వద్ద నేర్పాడు. పొలం పనులు, ఇంటి పనులు ముగిశాక సావిత్రీబాయి అక్షరాలు దిద్దేది. ఏది చెప్పినా శ్రద్ధగా విని గ్రహించేది. ఆమె చురుకుదనం చూసి జ్యోతిరావు మిత్రులు కూడా ఆమెకు పాఠాలు చెప్పారు.

చదువు రావడం వేరు, చదువు చెప్పడం వేరు. ఈ సంగతి ఆ దంపతులకు తెలుసు. ఆ సమయంలో అహ్మద్‌నగర్‌లో సింథియా ఫరార్ అనే అమెరికన్ మిషనరీ బాలికల పాఠశాలలు నడుపుతూ ఉండేది. ఆమె 1827లో ఓడ దిగింది ముంబయిలోనే. అక్కడ చాలాకాలం ఆడపిల్లలకు చదువు చెప్పి, తరువాత అహ్మద్‌నగర్ చేరింది. జ్యోతిరావు ఆ పాఠశాలను స్వయంగా చూసి ముగ్ధుడయ్యాడు. పుణేలో కూడా అటువంటి బడి పెట్టాలని నిశ్చయించుకున్నాడు. సావిత్రీబాయి అహ్మద్‌నగర్‌లో ఫరార్ వద్ద, పుణేలో మిచెల్ దొరసాని నడిపే శిక్షణ పాఠశాలలో బోధన పద్ధతులు నేర్చుకుంది.

1848లో పుణేలోని భిడేవాడాలో బాలికల పాఠశాల ప్రారంభమైంది. సావిత్రీబాయి అందులో ఉపాధ్యాయిని అయింది. అప్పుడు ఆమె వయసు పదిహేడేళ్లు. మొదట చేరిన బాలికలు పదిమంది కూడా లేరు. వారిలో వేరు వేరు కులాల పిల్లలు ఉన్నారు. బడి అంటే ఏమిటో ఆ పిల్లలకు తెలియదు. పలకను ఎలా పట్టుకోవాలో, వరుసలో ఎలా కూర్చోవాలో మొదటి నుండి నేర్పవలసి వచ్చింది. ఈ కాలంలో శిక్షణ పొందే ఉపాధ్యాయులకు తరగతి గదిలో వెనుక కూర్చొని సలహాలు చెప్పే పెద్దలుంటారు. ముందు నడిచినవారి అనుభవం ఉంటుంది. సావిత్రీబాయి ఎదుట అటువంటి బాట ఏదీ లేదు. తన బాటను తానే వేసుకోవలసి వచ్చింది.

తరగతి గదిలోని కష్టాల కంటె బడికి వెళ్లే దారిలోని కష్టాలు పెద్దవి. ఆమె వీధిలో నడుస్తూ ఉంటే కొందరు దూషించేవారు. కొందరు బురద, పేడ విసిరేవారు. రాళ్లు రువ్వినవారు కూడా ఉన్నారు. ఆమె తలవంచలేదు. వెనుదిరగలేదు. సంచిలో మరొక చీర పెట్టుకొని బయలుదేరేది. బడికి చేరాక, మలినమైన చీర మార్చుకొని, ఏమీ జరగనట్లు పిల్లల ముందు నిలిచేది. గురువు ముఖంలో భయం కనిపిస్తే పిల్లలు బడికి రారని ఆమె గ్రహించింది. ఆ పిల్లల ఇండ్లలో కూడా ఇరుగుపొరుగువారి ఒత్తిడి తక్కువేమీ కాదు. ఒక్కరోజు బడి మూతపడితే ఆ పిల్లలు మళ్లీ గడప దాటడం కష్టం.

దూషణలకు లొంగని ఆ దంపతులను ఇంటి నుండి వెళ్లగొట్టేందుకు ప్రయత్నాలు జరిగాయి. కులపెద్దలు జ్యోతిరావు తండ్రి గోవిందరావును బెదిరించారు. బడి మానుకోండి, లేదా ఇల్లు విడవండి అని ఆయన కొడుకును, కోడలిని కోరవలసి వచ్చింది. 1849లో వారు కట్టుబట్టలతో ఇల్లు విడిచారు. ఉస్మాన్ షేక్ అనే మిత్రుడు వారికి తన ఇంట ఆశ్రయమిచ్చాడు. ఫాతిమా షేక్ సావిత్రీబాయికి బడిపనిలో తోడుగా నిలిచింది. మతం వేరైనా వారిద్దరినీ కలిపింది చదువే.

పట్టుదల ఫలించింది. పుణేలో ఒక్క బడి మూడు బడులైంది. అంటరానివారుగా ఎంచబడిన మహార్, మాంగ్ కులాల పిల్లలకు కూడా వేరే పాఠశాలలు వెలిశాయి. పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు, వ్యాకరణంతో పాటు భూగోళం కూడా నేర్పారు. 1852లో ప్రభుత్వం ఫూలే దంపతుల విద్యాసేవను గుర్తించి సత్కరించింది. 1855లో పగలంతా పనిచేసే రైతుల కోసం, కూలీల కోసం రాత్రి పాఠశాల నెలకొల్పారు. సావిత్రీబాయి మరాఠీలో కవిత్వం కూడా రాసింది. 1854లో ఆమె కవితాసంపుటి 'కావ్యఫూలే' వెలువడింది.

గురువు గొప్పతనం శిష్యుల వలన తెలుస్తుంది. మాంగ్ కులంలో పుట్టిన ముక్తా సాళ్వే ఈ పాఠశాలలలో చదువుకున్న బాలిక. ఆమె తనవారు అనుభవిస్తున్న అవమానాలను, పేదరికాన్ని గురించి ఒక వ్యాసం రాసింది. 1855లో 'జ్ఞానోదయ' పత్రిక దానిని ప్రచురించింది. అంతవరకు బడి గడప తొక్కనీయని కులం నుండి వచ్చిన ఒక చిన్నపిల్ల తనవారి దుఃఖాన్ని తన చేతితో రాసి లోకానికి చెప్పింది. సావిత్రీబాయి పడిన శ్రమకు ఇంతకంటె పెద్ద బహుమానం ఏముంటుంది?

1856లో జబ్బుపడి సావిత్రీబాయి పుట్టింట ఉండవలసి వచ్చింది. అక్కడ ఆమె సోదరుడు, అంటరానివారికి చదువు చెప్పి కులానికి తలవంపులు తెస్తున్నారని ఆమెను నిందించాడు. పశువులను, పాములను సైతం ఆదరించేవారు సాటి మనిషిని తాకరాదనడం ఏమి న్యాయమని ఆమె శాంతంగా వాదించింది. చివరకు సోదరుడు సిగ్గుపడ్డాడు. తల్లి కూతురి మాటలకు మురిసిపోయింది. ఈ విషయాలన్నీ ఆమె భర్తకు ఉత్తరంలో రాసింది. తాను లేనందువల్ల బడిభారం ఫాతిమా మీద పడిందే అని అదే ఉత్తరంలో బాధపడింది. జబ్బులో ఉన్నా ఆమె మనసు బడి మీదనే ఉండేది.

1863లో ఈ దంపతులు నిరాశ్రయులైన వితంతువుల కోసం, వారి శిశువుల కోసం తమ ఇంట ఒక శరణాలయం ఏర్పాటు చేశారు. అక్కడ పుట్టిన ఒక శిశువును దత్తత తీసుకొని, యశ్వంత్ అని పేరుపెట్టి, పెంచి వైద్యుని చేశారు.

1873 సెప్టెంబర్ 24న జ్యోతిరావు సత్యశోధక సమాజాన్ని స్థాపించాడు. ముంబయిలో దానికి బలం చేకూర్చిన వారిలో కామాఠీపురా తెలుగువారు ముఖ్యులు. రామయ్య వెంకయ్య అయ్యవారు, నరసింగరావు సాయబు వడ్నాల, వ్యంకు బాళోజీ కాళేవార్ వంటి తెలుగు ప్రముఖులు ఆ సమాజంలో ప్రధానపాత్ర వహించారు. సమాజానికి ముద్రణాయంత్రం సమకూర్చడంలో కూడా ముంబయి తెలుగు సభ్యుల చేయి ఉంది. కూలిపనికి వచ్చినవారి సంతతి అక్షరాల అచ్చుకు ధనమిచ్చింది. 1888 మే 11న ముంబయిలోని మాండవీ కోళీవాడాలో జరిగిన సభలో ప్రజలు జ్యోతిరావుకు మహాత్మా అనే బిరుదునిచ్చారు.

1890 నవంబర్ 28న జ్యోతిరావు మరణించాడు. అంతిమయాత్రలో నిప్పుకుండను సావిత్రీబాయి స్వయంగా పట్టుకొని ముందు నడిచింది. స్త్రీలు శ్మశానానికి వెళ్లని ఆ కాలంలో ఇది గొప్ప సాహసం. ఆ తరువాత ఆమె సమాజానికి నాయకత్వం వహించింది. 1893లో సాసవడ్‌లో జరిగిన సత్యశోధక సభకు అధ్యక్షురాలైంది.

1896లో ముంబయిలోని మాండవీ ప్రాంతంలో ప్లేగు వ్యాధి తలయెత్తింది. ఇరుకు ఇండ్లలో నివసించే కూలీలు పిట్టలవలె రాలిపోయారు. వ్యాధి పుణేకు కూడా పాకింది. యశ్వంత్ ఊరి వెలుపల వైద్యశాల తెరిచాడు. సావిత్రీబాయి ఇల్లిల్లూ తిరిగి రోగులను అక్కడికి చేర్చింది. ముంఢవా గ్రామపు మహార్‌వాడలో ప్లేగు సోకిన ఒక బాలుణ్ణి ఎవరూ తాకలేదు. అరవై ఆరేళ్ల సావిత్రీబాయి ఆ పిల్లవాణ్ణి వీపున వేసుకొని వైద్యశాలకు మోసుకువచ్చింది. ఆ సేవలోనే వ్యాధి ఆమెకు కూడా సోకింది. 1897 మార్చి 10న ఆమె కన్నుమూసింది.

పుణే విశ్వవిద్యాలయానికి 2014లో సావిత్రీబాయి పేరు పెట్టారు. ఆమె జన్మదినమైన జనవరి 3ను మహిళా ఉపాధ్యాయుల దినంగా తెలంగాణ ప్రభుత్వం 2025లో ప్రకటించింది. కామాఠీల పూర్వులు విడిచివచ్చిన ఆ నేల మీద కూడా నేడు ఆమెను తలచుకుంటున్నారు.

పదిహేడేళ్ల వయసులో కొద్దిమంది పిల్లల ముందు నిలిచిన ఆ యువతికి తోడుగా ఉన్నవి కాస్త చదువు, కాస్త శిక్షణ, కొండంత ధైర్యం. నేడు చాళ్ల నుండి, వాడల నుండి పుస్తకాల సంచి భుజాన వేసుకొని బడికి వెళ్లే ప్రతి బాలిక నడిచేది సావిత్రీబాయి వేసిన బాట మీదనే. ఆ బాటలో పడిన రాళ్లను ఏరినవారిని మరువకుండా చదువుకోవడమే మనం ఆమెకు చెల్లించే గురుదక్షిణ.