గిడుగువారి ఇల్లు

ఇటుక, సున్నం, దూలాలు సమకూరితే భవనం లేస్తుంది. లోపల అడుగుపెట్టినవాడు జంకు వీడి తన మాట తాను మాట్లాడుకోగలిగినప్పుడే అది గృహమవుతుంది. ఈ సత్యానికి గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి జీవితమే నిదర్శనం.

వంశధారా తీరాన శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న ఆయన జన్మించారు. తండ్రి వీర్రాజుగారు 1875లో విషజ్వరానికి గురై కన్నుమూశారు. పన్నెండేళ్ల ప్రాయంలోనే పితృచ్ఛాయకు దూరమైన ఆ బాలుడు విజయనగరంలో విద్యాభ్యాసం సాగించాడు. గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల వేతనంపై ఉపాధ్యాయులుగా చేరారు. టెక్కలికి వాయవ్య దిశనున్న ఆ పట్టణమే అర్ధశతాబ్దికి పైగా ఆయనకు నివాసమైంది.

పర్లాకిమిడి పరిసరాల కొండలలో సవరలు నివసించేవారు. వారి భాషకు లిపి లేదు, పుస్తకం లేదు. వారికి విద్య నేర్పాలంటే ముందు వారి భాషను తాను నేర్వాలని పంతులుగారు నిశ్చయించుకున్నారు. తెలుగు, సవర రెండూ ఎరిగిన వ్యక్తిని తన ఇంటనే ఉంచుకొని అభ్యాసం ప్రారంభించారు. కులభేదాలు కఠినంగా పాటించే ఆ కాలంలో సవర బాలురకు తన ఇంటనే బస కల్పించి, అన్నం పెట్టి, వారి భాషలోనే పాఠాలు చెప్పారు. కొండ దిగి వచ్చిన పిల్లవాడికి పరాయి ఊరిలో తన పలుకు వినవచ్చిన చోటు అదే. ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపగా దానిని తాను స్వీకరించక, సవరల బడులకు వినియోగించమని కోరారు. అడవులలో తిరిగి మలేరియా పాలై, క్వినైన్ సేవనం వల్ల వినికిడి శక్తిని కోల్పోయినా ఆ కృషిని విడువలేదు. 1931లో ఆయన సవరభాషా వ్యాకరణం వెలువడింది. పామరుని పలుకును గౌరవించిన ఆ దృష్టే తెలుగులో వ్యావహారిక భాషోద్యమానికీ ఆయనను నాయకునిగా నిలిపింది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అందులో చేరింది. టెక్కలి మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. తెలుగు మాట్లాడే గ్రామాలను వేరుచేయరాదని అంతకుముందే పోరాడిన పంతులుగారు, రాష్ట్రావతరణ దినాన ఆ ఊరిలో ఉండరాదని నిర్ణయించుకొని రాజమహేంద్రవరానికి తరలిపోయారు. అప్పటికి ఆయన వయస్సు 72 ఏళ్లు. 56 ఏళ్ల అనుబంధం గల ఊరిని ఆ వయస్సులో వీడడం సామాన్యమైన త్యాగం కాదు. గోడలు చెక్కుచెదరలేదు; కాని ఇతరుల పలుకుకు తన ఇంట పీట వేసిన మహనీయునికి, తన పలుకుకు స్థానం లేదనిపించిన చోట నిలువ మనసొప్పలేదు.

ఇల్లు మారినా, ఆ ఇంట మొదలైన పని ఆగలేదు. 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది. ఆ ఏడే ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆయనను కళాప్రపూర్ణ బిరుదంతో సత్కరించింది. 1940 జనవరి 22న మద్రాసులో ఆయన పరమపదించారు.

గృహనిర్మాణానికి పూనుకొన్న ప్రతివారూ ముహూర్తం, వాస్తువు విచారిస్తారు. ఆ ఇంటి గడపలో నిలిచిన నిరుపేద తన యాసలో తన కష్టం చెప్పుకోగలడా అన్న విచారణ కూడా అంతే అవసరం. గిడుగువారి ఇంట అటువంటివారికి పాఠమూ దొరికింది, పట్టెడన్నమూ దొరికింది.