మహావీరాచార్యుల మంద లెక్క

ఈ ప్రత్యేక సంచికకు పూర్వకాలపు ప్రముఖుల జీవితాలు వ్రాయమన్నారు. దేశనాయకుల గురించి వ్రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. కూడికలు, తీసివేతలతో సర్వీసు వెళ్ళదీసిన గుమస్తాను గనుక నేను ఒక లెక్కల పండితుణ్ణి ఎన్నుకున్నాను.

మహావీరాచార్యులు జైనులు, రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని (814–878) కాలంవారు. ఆ రాజధాని మాన్యఖేటం నేటి కర్ణాటకలోని మల్ఖేడ్. మన తాండూరుకు మరీ దూరమేమీ కాదు. అంతకుముందు ఆర్యభటు, బ్రహ్మగుప్తుల గ్రంథాల్లో గణితం ఖగోళశాస్త్రంతో కలిసి ఉండేది. వీరు సుమారు 850లో కేవలం గణితానికే ‘గణితసార సంగ్రహం’ అనే సంస్కృత గ్రంథం వ్రాశారు. వంటకైనా, వైద్యానికైనా, ఇల్లు కట్టడానికైనా లెక్క కావాలన్నది వారి అభిప్రాయం. ఋణసంఖ్యకు వర్గమూలం ఉండదని తేల్చి చెప్పారు. సున్నతో భాగిస్తే సంఖ్య మారదని కూడా అన్నారు, అది మాత్రం పొరపాటు. ఎంతవారికైనా తప్పదు!

ఈ గ్రంథాన్ని పదకొండవ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆయన శైవుడు. జైన ఉదాహరణలు తీసి శివునికి సంబంధించినవి పెట్టుకున్నాడు. ఆ ధైర్యంతోనే నేనూ ఒక లెక్క మార్చాను.

భద్రాచలం అడవి అంచు ఊళ్ళో ఉండే మా మనవరాలు పదో తరగతి లెక్కల్లో తప్పి, ఇక బడికి పోనని కూర్చుంది. వర్గ సమీకరణాలంటేనే ఏడుపు. ఆచార్యులవారి ఒంటెల మంద లెక్క చెప్పబోతే, మన అడవిలో ఒంటెలెక్కడివి తాతయ్యా అంది. సరే, ఆవులే అన్నాను. మందలో నాలుగోవంతు అడవిలో ఉంది. మంద వర్గమూలానికి రెట్టింపు గుట్ట ఎక్కింది. మిగతా పదిహేను గోదావరి ఒడ్డున ఉన్నాయి. మంద ఎంత?

వర్గమూలం ‘మ’ అనుకుంటే మంద మ². అంటే మ²/4 + 2మ + 15 = మ². నాలుగుతో హెచ్చవేసి సర్దితే 3మ² – 8మ – 60 = 0. ఆచార్యుల సూత్రం వర్గాన్ని పూర్తిచేసే దారిది. పిల్లకు కారణాంకాలే సులువు. మూడునూ ఋణ అరవైనీ హెచ్చవేస్తే –180. హెచ్చవేస్తే –180, కూడితే –8 వచ్చే రెండు సంఖ్యలు వెతకమన్నాను. చాలాసేపు వేళ్ళు లెక్కించి –18, 10 అంది. ఎనిమిది ‘మ’లను అలా విడదీస్తే (మ – 6)(3మ + 10) = 0. రెండో విలువ ఋణం, మందకు పనికిరాదు. మ = 6, మంద 36.

నేను చెప్పకుండానే సరిచూసుకుంది: అడవిలో 9, గుట్టమీద 12, ఏటి ఒడ్డున 15. మర్నాడు మేకలతో తనే ఒక లెక్క కట్టి నన్ను చేయమంది. సప్లిమెంటరీ పరీక్షకు ఫీజు కట్టాము.