దాసరి సుబ్రహ్మణ్యం

దాసరి సుబ్రహ్మణ్యం (అక్టోబరు 25, 1932 - జనవరి 27, 2010) ప్రముఖ తెలుగు బాలసాహిత్య రచయిత. చందమామ మాసపత్రికలో కత్తియుద్ధాలు, మాంత్రికులు, రాక్షసులతో నిండిన జానపద సాహస సీరియళ్ళను పాతికేళ్ళ పాటు రచించారు. ఆ సీరియళ్ళను ఎరుగని తెలుగు పాఠకులు ఆ తరంలో అరుదు. అయినా రచయిత పేరు మాత్రం చాలామందికి తెలియదు.

జీవిత విశేషాలు

సుబ్రహ్మణ్యం స్వస్థలం గుంటూరు జిల్లా. బి.నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో మద్రాసులో స్థాపించిన చందమామలో ఈయన 1952లో చేరారు. కొడవటిగంటి కుటుంబరావు కూడా అదే ఏడాది పత్రికకు వచ్చారు. ఇద్దరూ దాదాపు మూడు దశాబ్దాలు కలిసి పనిచేశారు. సుబ్రహ్మణ్యం సుమారు 54 సంవత్సరాలు ఒకే పత్రికకు సేవలందించి, 2006లో విరమించుకున్నారు.

వామపక్ష భావాలు గల ఈయన మంత్రతంత్రాల కథలు రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని ఆయన కథల్లో మాంత్రికుని శక్తి చివరకు ధైర్యం, తెలివి, స్నేహం ముందు ఓడిపోయేదే.

సీరియళ్ళు

అంతకు ముందు చందమామలో రాజారావు రచించిన విచిత్ర కవలలు ధారావాహికగా వచ్చింది. ఆ కోవలో సుబ్రహ్మణ్యం 1954లో తోకచుక్కతో ప్రారంభించారు. తరువాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం వెలువడ్డాయి. 1980లో ముగిసిన భల్లూక మాంత్రికుడు చివరిది. ముగ్గురు మాంత్రికులు కథకు అరేబియన్ నైట్స్‌లోని ఒక కథ ఆధారం.

ఇటువంటి రచనలకు పాశ్చాత్య సాహిత్యంలో పేరుగాంచినవాడు అమెరికన్ రచయిత రాబర్ట్ ఇ. హోవర్డ్ (1906 - 1936). ఆయన సృష్టించిన అనాగరిక వీరుడు కోనన్ మొదటి కథ 1932 డిసెంబరులో, అనగా సుబ్రహ్మణ్యం పుట్టిన ఏడాదే, అచ్చయింది. కోనన్ ప్రధానంగా ఒంటరి వీరుడు. సుబ్రహ్మణ్యం వీరులు చాలావరకు జంటగా తిరుగుతారు: రాకాసిలోయలో కేశవుడు, జయమల్లు; యక్షపర్వతంలో ఖడ్గవర్మ, జీవదత్తుడు; మాయాసరోవరంలో జయశీలుడు, సిద్ధసాధకుడు. శిథిలాలయంలో విక్రమకేసరికి తోడైన శిఖిముఖి శబర యువకుడు. అడవిలో పుట్టినవానిని కథానాయకునిగా నిలబెట్టడం ఆనాటి రాజకుమారుల కథల నడుమ గమనింపదగిన విషయం.

నెలనెలా కథను ఉత్కంఠభరితమైన ఘట్టం వద్ద ఆపడం ఈయన ప్రత్యేకత. చిత్రకారుడు చిత్రా (టి.వి.రాఘవన్) గీసిన బొమ్మలు వీటికి ప్రాణం పోశాయి. మోసళ్ళ ముఖాలు, ఎలుగుబంటి తోళ్ళు, శిథిల గోపురాలు పిల్లల మనసుల్లో నిలిచిపోయాయంటే ఆ ఘనత ఇద్దరిదీ.

చందమామ పలు భాషల్లో వెలువడేది కనుక ఈ సీరియళ్ళు తెలుగువారికే పరిమితం కాలేదు. తమిళ, కన్నడ సీమల అంచున ఉన్న కుప్పం, పుంగనూరు, మదనపల్లె వంటి ఊళ్ళలో ఒకే సాహసగాథను ఒక ఇంట తెలుగులోను, పక్క ఇంట తమిళ అంబులిమామలోనో కన్నడ చందమామలోనో చదువుకునే వీలుండేది.

చక్రపాణికి ఈ మాయామంత్రాల ధోరణి అంతగా రుచించేది కాదు. ఒక దశలో వీటికి బదులు బంకించంద్ర ఛటర్జీ నవల దుర్గేశనందిని వంటివి ధారావాహికలుగా వచ్చాయి. 1975లో చక్రపాణి మరణించిన తరువాత, 1976లో మాయాసరోవరంతో సుబ్రహ్మణ్యం సీరియళ్ళు తిరిగి మొదలయ్యాయి. బొమ్మరిల్లు పత్రికలో వచ్చిన మృత్యులోయ కూడా ఈయన రచనే.

అజ్ఞాతంగా

చందమామలో ఈ సీరియళ్ళకు రచయిత పేరు వేసేవారు కాదు. కుటుంబరావు రాసిన వాటిలోనూ అనేకం పేరు లేకుండానే వచ్చాయి. పత్రిక పేరు ముందు వ్యక్తి పేరు వెనక్కు తగ్గడం సంస్థకు మేలు చేసిందేమో గాని, సుబ్రహ్మణ్యానికి రావలసిన గుర్తింపు మాత్రం దశాబ్దాలు ఆలస్యమైంది. చిన్ననాట ఆ కథలు చదివిన పాఠకులు పెద్దవారై, వెదకి, పత్రికల్లోను అంతర్జాలంలోను ఆయన గురించి రాయసాగేనాటికి ఆయన డెబ్బైయవ పడిలో ఉన్నారు.

2010 జనవరి 27న విజయవాడలో మరణించారు. ఆ తరువాత అభిమానుల పూనికతో ఈ సీరియళ్ళు పుస్తకాలుగా, ముఖపత్రంపై ఆయన పేరుతో వెలువడ్డాయి.