బంగారం ఫార్వర్డ్‌లో కనిపించని నిజాం

ఏటా ఫిబ్రవరి 24 దగ్గరపడుతుంటే మా కాలేజీ గ్రూపులో రెండు రకాల ఫార్వర్డ్‌లు మొదలవుతాయి. ఒకదాని ప్రకారం ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దేశరక్షణకు 5 టన్నుల బంగారం ఊరికే ఇచ్చేసిన మహాదాత. రెండోదాని ప్రకారం ఆయన రక్తం తాగిన రాక్షసుడు. 1967లో అదే రోజున పోయిన మనిషి గురించి ఇప్పటికీ ఇంత గొడవ. ఈసారి ఉండబట్టలేక ఓ ఆదివారం పాతబస్తీ వెళ్లాను. మీర్ ఆలం మండీ పక్కన పురానీ హవేలీ ఉంది. 1886లో ఆయన పుట్టింది అక్కడే. ఇప్పుడది మ్యూజియం. 1937 రజతోత్సవానికి వచ్చిన వెండి బంగారు కానుకలు అద్దాల వెనక మెరుస్తుంటాయి. అదే ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ఆయన బొమ్మను కవర్ మీద వేసింది. ప్రపంచంలోకెల్లా ధనవంతుడన్న పేరు అప్పటిది.

1911లో గద్దెనెక్కేనాటికి ఆయన వయసు పాతికేళ్లు. మన లెక్కలో ఇంకా ఫస్ట్ జాబ్ వయసే. అంతకు మూడేళ్ల ముందే మూసీ వరద వేలమందిని మింగింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహాతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. నది ఒడ్డున హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజీ ఆయన హయాంలో లేచినవే. నిజామాబాద్ వైపు వెళ్తే నిజాంసాగర్. సివిల్ బ్రాంచ్ ఫ్రెండ్స్‌ని అడగండి, వాటి గురించి గంటసేపు చెబుతారు.

నాకు మాత్రం ఆసక్తి ఉస్మానియా యూనివర్సిటీ మీద. 1918లోనే ఉర్దూ మీడియంలో డిగ్రీ చదువులు పెట్టడం, అందుకోసం ప్రత్యేకంగా అనువాద సంస్థ నడపడం మామూలు సాహసం కాదు. తర్వాత డాక్టర్లు, ఇంజినీర్లు కూడా ఆ భాషలోనే చదివారు. మన భాషలో కోడింగ్ నేర్పొచ్చా అని ఇప్పుడు చర్చించుకునే మనకి ఆ ధైర్యం చూస్తే కొంచెం అసూయే. కానీ రాజ్యంలో దాదాపు సగం మంది తెలుగువాళ్లు. వాళ్ల పిల్లలకి ఆ ఉర్దూ కూడా పరాయిదే. మా తాత నల్గొండ దగ్గర పల్లెలో చదివాడు. చివరిదాకా ఎక్కాలు ఉర్దూలోనే గొణుక్కునేవాడు, ఉత్తరాలు మాత్రం పక్కింటాయనతో తెలుగులో రాయించుకునేవాడు. 1938లో వందేమాతరం పాడినందుకు ఆ యూనివర్సిటీ విద్యార్థుల్ని పంపించేసింది. వాళ్లలో పి.వి.నరసింహారావు ఒకరు. ఆయన చదువు నాగ్‌పూర్‌లో సాగింది.

కోట గోడల అవతల జాగీర్లు, దేశ్‌ముఖ్‌లు, వెట్టి. సభ పెట్టుకోవాలన్నా ముందు అనుమతి కావాలి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకి బలయ్యాడు. రైతుల పోరు ఊరూరా పాకింది. 1947 అక్టోబరు 27న ఖాసిం రజ్వీ మనుషులు, ఢిల్లీకి చర్చలకు వెళ్లాల్సిన ప్రతినిధుల ఇళ్లని చుట్టుముట్టారు. నిజాం వెంటనే మాట మార్చేశాడు. రజాకార్ల చేతిలో ఆయనే బందీ అయ్యాడని కొందరు సర్దిచెబుతారు. నాకది మింగుడుపడదు. సైన్యం, ఖజానా, ఫర్మానా రాసే కలం అన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి కదా.

1948 ఆగస్టులో ఇమ్రోజ్ పత్రిక ఎడిటర్ షోయబుల్లా ఖాన్ కాచిగూడలో అర్ధరాత్రి ఇంటికి వెళ్తుంటే కాపుకాసి చంపారు. చేయి కూడా నరికేశారు. భారత్‌లో కలవాలని రాయడమే ఆయన నేరం. ముప్పై కూడా నిండలేదు. ఆ నెలలోనే బైరాన్‌పల్లిలో ఊరిమీద పడి జనాన్ని కాల్చేశారు. సెప్టెంబరులో భారత సైన్యం వచ్చింది, అయిదు రోజుల్లో అంతా అయిపోయింది. ఆ తర్వాత ముఖ్యంగా మరాఠ్వాడా జిల్లాల్లో వేలమంది మామూలు ముస్లింలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. నిజాం మాత్రం 1950 నుంచి 1956 దాకా రాజ్‌ప్రముఖ్‌గా గౌరవంగానే ఉన్నాడు.

బంగారం సంగతికొస్తే, 1965లో ఆయన ఇచ్చింది 425 కిలోలు. అది కూడా దానం కాదు. నేషనల్ డిఫెన్స్ గోల్డ్ బాండ్లలో 6.5 శాతం వడ్డీకి పెట్టిన పెట్టుబడి. తప్పేం లేదు, అడిగినప్పుడు ఇవ్వడమే పెద్ద విషయం. బెనారస్ హిందూ యూనివర్సిటీకి, పుణేలో మహాభారతం ప్రచురణకి నిజంగానే విరాళాలిచ్చాడు. అవి ఉండగా లేని 5 టన్నులు ఎందుకో!

1948 సెప్టెంబరులో ఆయన ప్రభుత్వం తరఫున లండన్ బ్యాంకులో పాకిస్థాన్ హైకమిషనర్ ఖాతాకి చేరిన 10 లక్షల పౌండ్ల కేసు ఇంకా విచిత్రం. ఆయన పోయిన 52 ఏళ్లకి, 2019లో తేలింది. అప్పటికి అది 3.5 కోట్ల పౌండ్లయింది. కోర్టు భారత ప్రభుత్వం, వారసుల వైపే తీర్పిచ్చింది.

తిరిగొస్తూ కింగ్ కోఠి ఎదురుగా మసీదే జూదీ దగ్గర ఆగాను. తల్లి సమాధి పక్కనే ఆయన సమాధి, చాలా సాదాగా ఉంది. అక్కడ నిలబడే గ్రూపులో 425 కిలోల లెక్క, షోయబుల్లా ఖాన్ పేరు రెండూ కలిపి పెట్టాను. పది నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకడు థంబ్సప్ కొట్టాడు. ఇంకొకడు అడిగాడు, షోయబుల్లా ఖాన్ ఎవర్రా అని.